కాణిపాకం ప్రమాణానికి ముందు ఆస్పత్రికి

ప్రశ్న: మాది చిత్తూరు. మావారికి 42 ఏళ్ళు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తూకం దగ్గర పని చేస్తారు. పదేళ్ళుగా తాగుతున్నారు. ఈ మూడేళ్ళుగా రోజూ రెండు క్వార్టర్లు పడందే నిద్రపోరు. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణుకుతాయి, ఒక గుక్క మందు పడితేనే ఆ వణుకు ఆగుతుంది. బీపీ మాత్రలు వాడుతున్నారు. నిరుడు అత్తగారు కాణిపాకం తీసుకెళ్ళి, కోనేటిలో స్నానం చేయించి, ఇక తాగనని స్వామి ముందు ప్రమాణం చేయించారు. మూడో రోజు రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ చేత్తో తుడవడం మొదలుపెట్టారు. ఒళ్ళంతా చెమటతో తడిసిపోయింది. నన్ను కూడా గుర్తుపట్టలేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. తట్టుకోలేక ఐదో రోజు మామయ్యగారే కొంచెం తెచ్చి పోశారు. దాంతో మళ్ళీ మొదటికే వచ్చింది. మామయ్యగారు పూర్తిగా మానక్కర్లేదు, రోజుకో పెగ్గు గుండెకు మంచిదని పరిశోధనల్లోనే తేలిందంటారు. అత్తగారు మళ్ళీ ప్రమాణం చేయిద్దామంటున్నారు. మా అన్నయ్య, మనిషికి తెలియకుండా కూరలో కలిపి మాన్పించే పొడి తెప్పించి ఇచ్చాడు. తొమ్మిదేళ్ళ మా బాబు సాయంత్రం స్కూటర్ చప్పుడు వినగానే పుస్తకాలు సర్దుకుని పక్కింటికి వెళ్ళిపోతాడు. ఏం చేయమంటారు? పొడి కలపమంటారా, ప్రమాణం చేయించమంటారా?
— ఒక సోదరి

జవాబు: అమ్మా, పొడి కలపకండి. ప్రమాణం కూడా ఇప్పుడే వద్దు. ఈ వారంలోనే మీ ఇంట్లో ఏదో ఒకటి జరిగేటట్టు ఉంది కాబట్టి ఈ రెండు మాటలూ ముందే చెబుతున్నాను. కారణాలు ఇప్పుడు చెబుతాను, వాటిని మీ అత్తగారికీ అన్నయ్యకూ కూడా చదివి వినిపించండి.

మీ ఉత్తరంలో నేను నాలుగైదు సార్లు చదివింది గోడ మీద చీమల సంగతి. ఆ రాత్రి మీ ఇంట్లో జరిగింది గాలి సోకడం కాదు. దానికి వైద్యంలో డెలీరియం ట్రెమెన్స్ అని పేరు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేసినప్పుడు కొందరిలో వచ్చే ప్రమాదకరమైన స్థితి అది. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. మీవారు ఆ నాలుగు రోజులూ ఇంట్లోనే ఉండి బతికి బయటపడ్డారంటే అది మీ అదృష్టం. రెండోసారి కూడా అదృష్టం మీదే భారం వేయవద్దు.

అలా ఎందుకు అవుతుందో అర్థమైతే మీ అత్తగారికి కొడుకు మీద కోపం సగం తగ్గుతుంది. ఒక తలుపును అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు బలంగా నెడుతున్నారనుకోండి. తలుపు కదలదు, చూసేవాళ్ళకు అంతా మామూలుగానే కనిపిస్తుంది. మద్యం మెదడును మందగింపజేస్తుంది. రోజూ అదే జరిగితే, ఆ మత్తులో కూడా పని నడవాలని మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుని ఎదురు నెడుతుంది. ఏళ్ళ తరబడి అలా నెట్టడానికి అలవాటు పడుతుంది. ఒక రోజు మద్యం హఠాత్తుగా తప్పుకుంటే, ఎదురు నెడుతున్న మెదడు ఒక్కసారిగా ముందుకు పడిపోతుంది. వణుకు, చెమట, గుండె దడ, నిద్ర పట్టకపోవడం, వాంతులు అన్నీ అందుకే. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి ఒక రోజులోపు ఇవి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య, మీవారికి వచ్చినట్టే, లేనివి కనిపించడం, మనుషులను గుర్తుపట్టలేకపోవడం వస్తాయి. మూడో రోజు రాత్రి అని మీరు రాశారు చూడండి, సరిగ్గా ఆ వేళకే వచ్చింది.

పొద్దున కాఫీ గ్లాసు వణకడం కూడా ఇదే జబ్బు చిన్న రూపం. రాత్రి తాగింది తెల్లారేసరికి దిగిపోతుంది, మెదడు ఎదురు నెట్టడం మాత్రం ఆగదు. ఒక గుక్కతో వణుకు ఆగుతోందంటే ఆయన సరదా కోసం తాగే దశ ఎప్పుడో దాటిపోయిందని అర్థం.

కాబట్టి నిరుడు ఆయన భక్తి లేక ప్రమాణం తప్పలేదు. మామయ్యగారు తెచ్చి పోసినందుకు ఆయన్నీ తప్పు పట్టకండి, కొడుకు చచ్చిపోతాడేమోనని భయపడ్డ తండ్రి ఆయన. ఆ రోజు మీ ఇంట్లో ఎవరికీ తెలియనిది ఒక్కటే, అది ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన జబ్బు అని.

ఒకసారి ఇలా అయినవాళ్ళకు మళ్ళీ మానినప్పుడు కూడా వచ్చే ప్రమాదం ఎక్కువ. అందుకే ఆయన మానడం వైద్యుల కళ్ళ ముందు, ఆస్పత్రిలో చేరి జరగాలి. అక్కడ క్లోర్‌డయజెపాక్సైడ్, లొరాజెపామ్ వంటి మాత్రలు ఇస్తారు. మెదడు మెల్లగా సర్దుకునేలా, సుమారు వారం రోజులపాటు మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. దాంతోపాటు థయామిన్, అంటే విటమిన్ బి1, ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు. ఏళ్ళ తరబడి తాగేవాళ్ళ ఒంట్లో ఇది బాగా తక్కువగా ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి పోయే ప్రమాదం ఉంది. నీరసంగా ఉన్నారని వీధి చివర క్లినిక్‌లో ఒక గ్లూకోజు సీసా ఎక్కించి పంపడం మన ఊళ్ళలో మామూలే. అలాంటి పరిస్థితి వస్తే, ఈయన రోజూ తాగుతారు, బి1 ఇంజెక్షన్ ఇచ్చారా అని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

ఇక వినడానికి కష్టంగా ఉండే మాట ఒకటి. ఆస్పత్రిలో చేరే రోజు వరకు సీసాలు దాచేయడం, పారబోయడం, గదిలో పెట్టి తాళం వేయడం చేయకండి. ఒక భార్యకు ఈ మాట రాయడం నాకూ బాధగానే ఉంది. కానీ ఆయన విషయంలో బలవంతంగా ఆపడమే ఎక్కువ ప్రమాదం. ఆయన తనంతట తానే మానేసినా, ఫిట్స్ వచ్చినా, జ్వరంతో మాట తడబడినా, మళ్ళీ లేనివి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే 108కి ఫోను చేయండి.

పొడి సంగతికి వస్తాను. ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి నాకు బాగా తెలుసు. మా చిన్నాన్న తాగేవాడు. ఇలాగే ఎవరో తెచ్చి ఇస్తే మా పిన్ని మజ్జిగలో కలిపి ఇచ్చింది. ఆ సాయంత్రం చిన్నాన్న ఎప్పటిలాగే తాగి వచ్చాడు. గుమ్మం దాటకముందే ముఖం కుంకుమ పూసినట్టు ఎర్రబడింది, గుండె దడదడలాడింది, వాంతులయ్యాయి, అరుగు మీదే కూలబడ్డాడు. రక్తపోటు అందకుండా పడిపోయింది. రెండు రోజులు అత్యవసర విభాగంలో ఉంచితే గానీ లేవలేదు. అసలు నష్టం ఆ తర్వాత మొదలైంది. ఇంటికి వచ్చాక సంగతి తెలిసిపోయింది. దాదాపు సంవత్సరంపాటు, చిన్నాన్న కంచంలోంచి పిన్ని ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాకే ఆయన తినేవాడు. పిన్ని మాట్లాడకుండా ఆ ముద్ద తినేది. తాగుడు మాత్రం మానలేదు, ఇంట్లో తినడం తగ్గించాడంతే.

అలాంటి పొడుల్లో ఏముంటుందో చెప్పడం కష్టం. పొట్లం మీద మూలికలని రాసి ఉన్నా లోపల డైసల్ఫిరామ్ అనే మందు ఉండవచ్చు. ఆ మందు చెడ్డది కాదు. రబ్బరు తయారీలో ఆ జాతి రసాయనాలు వాడేవారు, ఆ కార్మికులకు మద్యం తాగితే పడడం లేదని 1930లలోనే ఒక అమెరికా వైద్యుడు గమనించాడు. 1940లలో డెన్మార్క్‌లో హాల్డ్, జాకబ్సెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని వేరే జబ్బుకు పరీక్షిస్తూ తామే మింగి చూసుకున్నారు. మద్యం ముట్టుకోగానే ఒళ్ళు తిరగబడడంతో దాని గుణం బయటపడింది. మద్యం కాలేయంలో ముందు అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారి, తర్వాత హాని తక్కువైన పదార్థంగా మారుతుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో మెట్టును అడ్డుకుంటుంది. దాంతో విషం ఒంట్లోనే పోగుపడుతుంది. తాగితే ఏమవుతుందో మనిషికి తెలిసి, ఆ భయాన్ని తనకు తాను కాపలాగా పెట్టుకుంటేనే ఆ మందుకు అర్థం ఉంది. డాక్టరు గుండెనూ కాలేయాన్నీ పరీక్షించి, మనిషి ఒప్పుకున్నాకే రాస్తారు. ఆపేసిన తర్వాత కూడా రెండు వారాలదాకా దాని ప్రభావం ఉండవచ్చు. మీవారు బీపీ మనిషి. రోజూ రెండు క్వార్టర్లు తాగుతారు. తెలియకుండా కలిపిన ఆ పొడి మీద మద్యం పడితే ఏమవుతుందో ఊహించడానికే నాకు భయంగా ఉంది.

మామయ్యగారి పెగ్గు గురించి కూడా చెప్పాలి. ఆయన ఆ మాట ఊరికే కల్పించలేదు, ఒకప్పుడు పత్రికల్లో నిజంగానే అలా వచ్చేది. కొద్దిగా తాగేవాళ్ళనూ అసలు తాగనివాళ్ళనూ పోల్చి చూస్తే, కొద్దిగా తాగేవాళ్ళకే గుండెజబ్బులు తక్కువగా కనిపించేవి. చిక్కు ఎక్కడుందంటే, తాగనివాళ్ళ జాబితాలో ఆరోగ్యం చెడిపోయి మానేసినవాళ్ళు కూడా కలిసిపోయారు. వాళ్ళ జబ్బులన్నీ తాగకపోవడం ఖాతాలో పడ్డాయి. ఇలాంటి లోపాలను సరిచేసి చూసినప్పుడు ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. అమెరికాలో మితంగా తాగడం మీద తలపెట్టిన 10 కోట్ల డాలర్ల అధ్యయనం ఒకటి ఉంది. దానికి మద్యం కంపెనీల నుంచి డబ్బు సమకూర్చిన తీరు బయటపడి, 2018లో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థే దాన్ని మధ్యలో ఆపేసింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ జాబితాలో మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో, మద్యం 1988 నుంచీ ఉంది. ఇంత తాగితే ఏ హానీ లేదని చెప్పగలిగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది.

అదంతా మామూలు మనుషుల సంగతి. మీవారి లెక్క వేరు. క్వార్టర్ సీసా మీద 180 మిల్లీలీటర్లని, 42.8 శాతమని రాసి ఉంటుంది, చూడండి. అంటే అందులో దాదాపు 60 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉంది. ఒకే పూట 60 గ్రాములు తాగితేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అతి తాగుడు కింద లెక్కిస్తుంది. మీవారు రోజూ అంతకు రెట్టింపు తాగుతున్నారు. ఈ స్థితికి వచ్చిన మనిషి ఒక పెగ్గు దగ్గర ఆగడం దాదాపు జరగని పని. ఆ ఒక్క పెగ్గే నిరుడు ఐదో రోజు మళ్ళీ తలుపు తీసింది కదా.

సరే, ఆయన్ను ఆస్పత్రికి ఎలా తీసుకెళ్ళాలి? మీరు రాయకపోయినా మీ మనసులో ఉన్న ప్రశ్న ఇదే. రానంటారు, నాకేమైందంటారు, పదిమందిలో పరువు తీస్తున్నావంటారు. దీని మీద కూడా పరిశోధనలు జరిగాయి, అవి మీలాంటి ఇల్లాళ్ళకు ధైర్యమిచ్చేవే. 1999లో అమెరికాలో 130 మంది కుటుంబ సభ్యులను మూడు జట్లుగా చేసి చూశారు. ఇంటివాళ్ళంతా చుట్టూ కూర్చుని నిలదీసే పద్ధతిలో 30 శాతం మంది తాగుబోతులు చికిత్సకు వచ్చారు. కుటుంబ సభ్యులు తమ మనశ్శాంతి కోసం కలుసుకునే సంఘాల దారిలో 13 శాతం వచ్చారు. ఇంట్లో మాట తీరు, నడిచే తీరు మార్చుకోవడం నేర్పిన పద్ధతిలో 64 శాతం వచ్చారు. తాగే మనిషి గదిలో లేకుండానే ఆ శిక్షణ మొదలైంది. మీరు కూడా ఆయన కోసం ఎదురుచూడకుండానే మొదలుపెట్టవచ్చు.

తాగి ఉన్నప్పుడు ఆ మాట అసలు ఎత్తకండి. పొద్దున, వణుకు కాస్త తగ్గి, ఫ్యాక్టరీకి బయలుదేరే ముందు, బాబు బడికి వెళ్ళాక చెప్పండి. చిన్నగా చెప్పండి. పాత లెక్కలు తీయవద్దు. 'మీరు గోడ తుడిచిన రాత్రి నాకు చాలా భయం వేసింది. అది జబ్బేనట. వణుకు లేకుండా మాన్పించే మాత్రలు ఉన్నాయట. నేనూ మీతో వస్తాను' — ఇంతే. చాలామంది మానకపోవడానికి ఆ వణుకు మీద భయమే కారణం, ఆయనకు ఆ రాత్రి మీకంటే ఎక్కువ గుర్తుండవచ్చు. తాగకుండా వచ్చిన సాయంత్రం, అది ఎంత అరుదైనా, ఆయనకు ఇష్టమైంది వండండి, పక్కన కూర్చోండి, బాబును పక్కింటి నుంచి పిలవండి. తాగి వచ్చిన రోజు అన్నం మూతపెట్టి మీ పని మీరు చూసుకోండి. ఒంట్లో బాగాలేదని ఫ్యాక్టరీకి ఆయన తరఫున ఫోను చేయడం, అప్పు మీరు తీర్చడం మానండి. ఒకవేళ ఆయన చేయి చేసుకునే మనిషైతే ఈ ప్రయోగాలేవీ ఒంటరిగా చేయకండి. 181కి ఫోను చేయండి, ముందు మీరూ బాబూ క్షేమంగా ఉండే చోటు చూసుకోండి.

ఆయన సరే అన్న రోజునే బయలుదేరేలా ఉండాలి. ఆ మెత్తదనం ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. అందుకే ఎక్కడికి వెళ్ళాలో ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండి. తిరుపతి రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు నుంచి వేలూరు ఇంకా దగ్గర, అక్కడ సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వారి మానసిక వైద్య కేంద్రం బాగాయంలో ఉంది. మన జిల్లావాళ్ళు ఏ జబ్బుకైనా వేలూరు బస్సెక్కడం కొత్తేమీ కాదు. బంధువుల కంట పడకూడదని ఆయన పట్టుబడితే బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసనాల చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. ఎటూ తేల్చుకోలేకపోతే ముందు 14416కి ఫోను చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ. డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. వ్యసనాల కోసమే 14446 అనే మరో ఉచిత నంబరు ఉంది. ఆయన లేకుండా మీరొక్కరే ఫోను చేసినా మాట్లాడతారు.

ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్ళండి: రోజుకు ఎంత, ఎన్నేళ్ళుగా, పొద్దున వణుకు, బీపీ మాత్రల పేర్లు, నిరుడు మూడో రోజు రాత్రి జరిగిందంతా. ఆ చివరిది తప్పక చెప్పాలి. దాన్నిబట్టే చేర్చుకోవాలో ఇంటికి మాత్రలిచ్చి పంపాలో డాక్టరు నిర్ణయిస్తారు. ఆయన సిగ్గుపడి దాచితే మీరు చెప్పండి.

గోడలకు పోస్టర్లు అంటించే ప్రైవేటు కేంద్రాల విషయంలో జాగ్రత్త. మంచివి ఉన్నాయి. కానీ రాత్రికి రాత్రి మనుషులను పంపి ఎత్తుకెళ్ళేవి, కట్టేసేవి, నెలల తరబడి ఇంటివాళ్ళను చూడనివ్వనివి కూడా ఉన్నాయి. మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికే వస్తాయి, రోగిని గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది. రిజిస్ట్రేషన్ చూపించమనండి, మానసిక వైద్యుడు రోజూ వస్తారా అని అడగండి, నేను ఎప్పుడు వచ్చి చూడవచ్చని అడగండి. మూడింటిలో ఒక్కదానికి నసిగినా బయటికి వచ్చేయండి.

వారం రోజుల్లో ఒంట్లోంచి మద్యం దిగిపోతుంది, కోరిక దిగదు. అది నెలల పని. కోరికను తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మాత్రలు ఉన్నాయి, కాలేయం ఎలా ఉందో చూసి ఏది సరిపోతుందో డాక్టరు చెబుతారు. మాత్రలతో పాటు కూర్చుని మాట్లాడే మనిషి కావాలి. పెద్ద డిగ్రీలున్నవాళ్ళే కావాలని లేదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మీవారి కంటే తక్కువ దశలో ఉన్న తాగుబోతులకు, శిక్షణ పొందిన మామూలు మనుషులే నాలుగు విడతల లోపు కౌన్సెలింగ్ ఇచ్చారు. మూడు నెలలకు వాళ్ళలో 36 శాతం మంది ప్రమాద స్థాయి దిగువకు వచ్చారు, కౌన్సెలింగ్ లేనివారిలో 26 శాతమే. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు కూడా చాలామందికి ఉపకరిస్తాయి. తాగి మానినవాళ్ళే ఒకరికొకరు తోడుంటారు, డబ్బు తీసుకోరు. 27 అధ్యయనాలను కలిపి చూసిన 2020 నాటి సమీక్షలో, పూర్తిగా మానేసి నిలబడడంలో ఈ దారి మిగతా చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగేనని తేలింది.

మధ్యలో ఒకసారి జారినా కొంప మునిగిందనుకోకండి, మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మామిడి కాయల సీజన్‌లో తూకం దగ్గర రాత్రిళ్ళు లారీ డ్రైవర్లతో గడపాల్సి వస్తుందేమో ఆలోచించండి. వీలైతే సీజన్ మొదలుకాకముందే చికిత్స అయ్యేలా చూడండి, ఈ ఒక్క ఏడాదికి పగటి షిఫ్టు అడగమనండి.

ఆస్పత్రి నుంచి వచ్చి, చేతులు వణకకుండా కాఫీ తాగిన పొద్దున, అత్తగారితో కలిసి అందరూ కాణిపాకం వెళ్ళండి. అప్పుడు చేసే ప్రమాణాన్ని ఒళ్ళు అడ్డుకోదు. స్వామి ముందు ఇచ్చిన మాట ఎంతోమందిని నిలబెట్టింది, దాన్ని నేను తక్కువ చేయను.

బాబుకు ఈ రోజే ఒక మాట చెప్పండి. నాన్నకు జబ్బు చేసింది, అది నీ వల్ల కాదు, నువ్వు బాగా చదవకపోవడం వల్ల అంతకన్నా కాదు అని. తొమ్మిదేళ్ళ పిల్లలు ఇలాంటివన్నీ తమ మీదే వేసుకుంటారు. పక్కింటివాళ్ళకు కూడా విషయం చెప్పి, వాడు వచ్చినప్పుడు ఎందుకొచ్చావని అడగకుండా అన్నం పెట్టమనండి.

అన్నయ్య ఇచ్చిన పొట్లాన్ని పారేయకండి. సంచిలో పెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి. ఇప్పటికే ఒకసారి కలిపి ఉంటే, కలిపానని మీవారి ఎదుటే డాక్టరుకు చెప్పండి.